పిల్లలు నిద్రపోయాక చేసే పనులు, మేలుకుని ఉండగా చేసే పనులు

బిడ్డ కళ్లు మూసుకోగానే చాలామంది అమ్మలు నేరుగా అంట్ల దగ్గరికి వెళ్తారు. అవి తోమి, ఇల్లు ఊడ్చి, ఆరిన బట్టలు మడతపెట్టేసరికి బిడ్డ లేచి ఏడుస్తూ ఉంటుంది. అమ్మ అప్పటికి ఇంకా తినలేదు, ఒక్క నిమిషం నడుం వాల్చలేదు. నిజానికి ఆ మూడు పనుల్లో ఏ ఒక్కటీ బిడ్డ నిద్రపోతేనే చేయవలసినది కాదు. మూడూ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చేసుకోగలిగినవే. దొరికే గంటా గంటన్నర నిద్రవేళను ఎవరూ గుర్తించని పనులకు ఖర్చు పెట్టడం వల్లే సాయంత్రానికి ఓపిక హరించుకుపోతుంది.

ఈ పద్ధతి ఆరు నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు ఒకరో ఇద్దరో ఉన్న ఇంటికి. అంతకంటే చిన్న బిడ్డ ఉంటే నిద్రకు ఒక వేళంటూ ఇంకా కుదరదు. ఆ నెలల్లో బిడ్డ పడుకున్నప్పుడు అమ్మ కూడా పడుకోవడమే పద్ధతి, ఇంటి పని వేరే చేతుల్లోకి వెళ్లాలి.

ముందు పనుల్ని వేరు చేయండి

మూడు రోజుల పాటు ఒక కాగితం వంటింటి గోడకు అంటించి, చేసిన ప్రతి పనీ దాని మీద రాయండి. నీళ్ల సీసాలు నింపడం, డైపర్ బకెట్ ఖాళీ చేయడం లాంటి చిన్నవి కూడా వదలకండి. నాలుగో రోజు ఆ జాబితాలో ప్రతి పని పక్కనా మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి.

పిల్లలు మేలుకుని ఉన్నా చేయగలిగినవాటికి ఒక చుక్క: బట్టలు మెషిన్లో వేయడం, ఆరేయడం, మడతపెట్టడం, ఊడ్చడం, పక్కలు సర్దడం, కూరగాయలు కడగడం, కత్తులు తీసి పక్కన పెట్టాక మిగిలిన అంట్లు తోమడం. పిల్లలు కాళ్ల దగ్గర ఉండకూడని పనులకు అడ్డగీత: నూనె కాగే వంట, మరిగే నీళ్లు వంచడం, ఇస్త్రీ, కత్తితో ఎక్కువసేపు తరగడం, బ్లీచ్ లేదా యాసిడ్‌తో బాత్‌రూమ్ కడగడం. తల ఒకచోట పెట్టి చేయాల్సినవాటికి నక్షత్రం: బిల్లులు కట్టడం, ఫారాలు నింపడం, టీకాల తేదీలు చూసుకోవడం, డాక్టరుతో మాట్లాడవలసిన ఫోను.

నిద్రవేళలోకి అడ్డగీతలు, నక్షత్రాలు మాత్రమే రావాలి. చుక్క పనులన్నీ మెలకువ వేళలోకి జరగాలి. గుర్తులు పెట్టి చూస్తే చుక్కలే ఎక్కువ కనిపిస్తాయి.

ఇక నిద్రవేళలో మొదటి 20 నిమిషాలు అమ్మవి. ముందు తినాలి, నీళ్లు తాగాలి, కాళ్లు చాపి కూర్చోవాలి. ఆ తర్వాతే పని. ఈ వరుస తిరగేసి ‘పనయ్యాక కూర్చుంటాను’ అనుకుంటే ఆ కూర్చోవడం జరగదు, ఎందుకంటే బిడ్డ ఎప్పుడు లేస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. పాలిచ్చే తల్లి అయితే ఇది మరీ ముఖ్యం. ఆకలి, దాహం వాయిదా వేస్తూ పోతే మధ్యాహ్నానికి తలనొప్పి, చిరాకు తప్పవు.

నిద్ర కుదరకపోతే మిగిలినదేదీ కుదరదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 4 నుంచి 11 నెలల బిడ్డకు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల వయసుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్లవారికి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. రోజు నడపడానికి మాత్రం ఇంకో లెక్క ఎక్కువ పనికొస్తుంది: ఒకసారి లేచాక మళ్లీ పడుకోబెట్టేలోపు బిడ్డ ఎంతసేపు హాయిగా మేలుకుని ఉండగలదు? ఆరు నెలలప్పుడు సుమారు 2 నుంచి 2½ గంటలు, తొమ్మిది నెలలకు 3 గంటలకు అటూ ఇటూ, ఏడాదికి 3 నుంచి 4 గంటలు, పగలు ఒక్కసారే పడుకునే ఏడాదిన్నర బిడ్డకు దాదాపు 5 గంటలు. ఇవి ఉజ్జాయింపులే. మీ బిడ్డ లెక్క తేలాలంటే వారం రోజులు లేచిన సమయం, పడుకున్న సమయం రాసిపెట్టుకోండి.

బిడ్డ కళ్లు నులుముకున్నాక, వెనక్కి వాలి ఏడవడం మొదలుపెట్టాక పడుకోబెట్టడమే తరచూ జరిగే పొరపాటు. అప్పటికే వేళ మించిపోయింది. బాగా అలసిన బిడ్డ త్వరగా నిద్రపోతుందనుకుంటాం కానీ, అలసట ఎక్కువైతే శరీరం మెలకువగా ఉంచే హార్మోన్లను విడుదల చేస్తుంది. దాంతో పెనుగులాట పెరుగుతుంది, పడుకున్నా అరగంటకే లేస్తుంది. ఆడుతున్న వస్తువు మీంచి చూపు జారిపోవడం, అరుపులు తగ్గి నెమ్మదించడం, చెవి లాక్కోవడం తొలి గుర్తులు. అవి కనబడగానే డైపర్ మార్చి, గది చీకటి చేసి, రోజూ పాడే ఆ ఒక్క పాటే పాడి పడుకోబెట్టండి. ఈ తతంగం 10 నిమిషాలు మించక్కర్లేదు. ప్రతిసారీ అదే వరుసలో జరగడమే ముఖ్యం.

అలవాటుగా 30 నుంచి 45 నిమిషాలకే లేచే బిడ్డ విషయంలో రెండు చూడండి. ఒకటి, మెలకువ సమయం సరిపోయిందా? పావుగంట పెంచి మూడు రోజులు చూడండి, తేడా లేకపోతే పావుగంట తగ్గించి చూడండి. రెండు, చేతుల్లో నిద్రపోయిన బిడ్డను మంచం మీదికి మారుస్తున్నారా? ఒక నిద్ర చక్రం ముగిసి కాస్త మెలకువ వచ్చినప్పుడు తాను పడుకున్న చోటు మారిపోయి ఉంటే బిడ్డ పూర్తిగా లేచి కూర్చుంటుంది. మత్తుగా, ఇంకా కాస్త మెలకువ ఉండగానే మంచంలో పడుకోబెట్టే ప్రయత్నం రోజుకు ఒక్క నిద్రకైనా చేయండి. మొదటి వారం ఓపిక పట్టాల్సిందే.

ఏడాది లోపు బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉండే పరుపు మీద పడుకోబెట్టాలి. దిండు, దుప్పటి, మెత్తటి బొమ్మలు పక్కలో ఉండకూడదు. సోఫా మీద బిడ్డను గుండెల మీద పెట్టుకుని అమ్మ కునుకు తీయడం చాలా ప్రమాదం. కళ్లు మూతలు పడుతున్నాయనిపిస్తే ముందు బిడ్డను దాని పక్కలో వేసేయండి.

ఇద్దరున్న ఇంట్లో ఒక్క గంటైనా ఇద్దరి నిద్రా కలవాలి

ఎనిమిది నెలల బిడ్డ, రెండున్నరేళ్ల పిల్లవాడు ఉన్నారనుకుందాం. చిన్నది ఉదయం 6:30కి లేస్తే మొదటి నిద్ర 9:15 ప్రాంతంలో పడుతుంది. దాన్ని 10:15కల్లా లేపేయండి. నిద్రపోతున్న బిడ్డను లేపాలంటే మనసు ఒప్పదు. కానీ 11 దాకా వదిలేస్తే రెండో నిద్ర రెండు గంటలకు జరిగి, ఒంటి గంటకు పడుకునే పెద్దవాడితో కలవదు. 10:15కి లేపితే మూడు గంటల తర్వాత, అంటే 1:15కి, మళ్లీ సిద్ధంగా ఉంటుంది. పెద్దవాడికి 12:15కి భోజనం పెట్టి, 12:50కి పడుకోబెట్టే తతంగం మొదలుపెట్టండి. వాడికి పావుగంట పడుతుంది కాబట్టి ముందు వాడు, ఆ తర్వాత చిన్నది. చిన్నది త్వరగా అలసిపోయే రోజున ఈ వరుస మార్చి, పెద్దవాడి చేతికి బొమ్మల పుస్తకం ఇచ్చి మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. అమ్మ గదిలో లేకుండా ఇద్దర్నీ ఒకే చోట వదలకూడదు. రెండేళ్ల పిల్లవాడు ప్రేమతోనే చెల్లి ముఖం మీద దిండు వేయగలడు.

ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య పగటి నిద్ర రెండు నుంచి ఒకటికి తగ్గుతుంది. రెండో నిద్రను వరుసగా పది రోజులు నిరాకరించడం, రాత్రి పడుకోవడం బాగా ఆలస్యం కావడం దానికి గుర్తు. రెండు మూడు రోజుల మారాం చూసి తొందరపడి మార్చేస్తే నష్టం. మార్చినప్పుడు తొలి వారాల్లో రాత్రి అరగంట నుంచి ముప్పావుగంట ముందే పడుకోబెట్టండి. మూడేళ్లు దాటాక పగటి నిద్ర పూర్తిగా మానేసిన పిల్లలకు ‘ఊరికే కూర్చునే వేళ’ అలవాటు చేయవచ్చు. ఆ వేళకే బయటికి వచ్చే ఒక పెట్టెలో పుస్తకాలు, పెద్ద బ్లాకులు, రంగు పెన్సిళ్లు పెట్టండి. మొదటి రోజు 10 నిమిషాలతో మొదలుపెట్టి నాలుగైదు రోజులకోసారి 5 నిమిషాలు పెంచితే నెల రోజులకు అటూ ఇటూగా ముప్పావుగంట దాకా వస్తుంది. పెట్టె మిగతా సమయాల్లో కంటికి కనిపించకూడదు, కనిపిస్తే దాని ఆకర్షణ పోతుంది.

మేలుకుని ఉండగా పని ఎలా సాగుతుంది?

ముందు బిడ్డకు ఇవ్వాల్సింది ఇచ్చేయాలి. పని మొదలుపెట్టే ముందు 10 నుంచి 15 నిమిషాలు ఫోను వేరే గదిలో పెట్టి, నేల మీద కూర్చుని, పిల్లలు చెప్పిన ఆట ఆడండి. ఆ తర్వాత లేచి పని చేసుకుంటే 20, 25 నిమిషాలు సాగుతుంది. ఇది ఇవ్వకుండా పనికి దిగితే రెండు నిమిషాలకోసారి కొంగు లాగుతూనే ఉంటారు. మొత్తం మీద పోయే సమయం అదే ఎక్కువ.

ఏడాదిన్నర దాటిన పిల్లలకు బొమ్మ కంటే మీరు చేసే పనే ఇష్టం. పని ఇవ్వండి, కానీ ఒక్క మాటలో, ఒక్క అడుగులో తేలేది ఇవ్వండి. ‘బట్టలు సర్దమ్మా’ అంటే అర్థం కాదు. ‘ఈ సాక్స్ బుట్టలో వెయ్యి’ అంటే వేస్తాడు, వేసి ఇంకోటి ఇమ్మంటాడు. తడి గుడ్డతో కుర్చీ కాళ్లు తుడవడం, మెషిన్లో బట్టలు ఒక్కొక్కటిగా తోయడం, జత కలిసే సాక్స్ వెతకడం, చెంచాలు ఒకచోట చేర్చడం రెండేళ్ల వయసుకు తగినవి. మూడేళ్లకు టేబుల్ మీద పళ్లేలు పెట్టగలరు. పని రెండింతల సమయం తీసుకుంటుంది, కొంచెం నీళ్లు ఒలుకుతాయి. పిల్లలు చేసినదాన్ని వాళ్ల ఎదురుగా మళ్లీ చేయకండి, అలా చేస్తే రేపు ముట్టుకోరు.

పాకే బిడ్డకు వంటింట్లో కింది అర ఒకటి పూర్తిగా వదిలేయండి. చెక్క గరిటెలు, ప్లాస్టిక్ డబ్బాలు, మూతలు అందులో ఉంటే చాలు, తీయడం, పెట్టడంతోనే చాలాసేపు గడుస్తుంది. మిగతా అరలకు గొళ్లేలు వేయాలి. బొమ్మలు అన్నీ ఒకేసారి బయట ఉంటే పిల్లలు దేనితోనూ నిలకడగా ఆడరు. నాలుగైదు మాత్రమే బయట ఉంచి, మిగిలినవి సంచుల్లో కట్టి పైన పెట్టి, వారానికోసారి మార్చండి. రాత్రి సర్దే పని కూడా దీంతో సగం తగ్గుతుంది.

బిడ్డకు పాలిస్తుండగా పెద్దవాడు సరిగ్గా అప్పుడే పేచీ పెడతాడు. అమ్మ లేవలేదని వాడికి తెలుసు. పాలిచ్చే చోట ఒక బుట్ట సిద్ధంగా ఉంచండి: అమ్మకు నీళ్ల సీసా, ఒక డైపర్, తుడిచే గుడ్డ, పెద్దవాడికి రెండు పుస్తకాలు, తినడానికి ఏదో ఒకటి. పాలివ్వడం మొదలుపెట్టే ముందే వాణ్ని బాత్‌రూమ్‌కి తీసుకెళ్లి రండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

బట్టల విషయం క్లుప్తంగా

వారానికోసారి గుట్టగా ఉతకడం కంటే రోజూ ఒక విడత వేయడం తేలిక, ఎందుకంటే మడతపెట్టే గుట్ట చిన్నదిగా ఉంటుంది. పాలు, మలం, రక్తం మరకలను ముందు చల్లని నీళ్లలోనే జాడించి అరగంట నానబెట్టాలి. వేడి నీళ్లు పోస్తే వాటిలోని ప్రోటీన్ గుడ్డకు పట్టుకుపోయి మరక నిలిచిపోతుంది. గుడ్డ డైపర్లకు ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకండి, అది పొరలా అంటుకుని తడి పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. ఉతికినా పోని పసుపు మరక తడిగా ఉండగానే ఎండలో ఆరేస్తే చాలావరకు పాలిపోతుంది.

సాయంత్రం 5 నుంచి 7

రోజులో అన్నిటికంటే కష్టమైన రెండు గంటలివే. పిల్లలకు ఆకలి, నిద్ర, విసుగు మూడూ కలుస్తాయి, అమ్మకు ఓపిక అడుగంటుతుంది, సరిగ్గా అప్పుడే పొయ్యి వెలిగించాలి. ఆ వేళను ఆ వేళలో గెలవలేం. అందుకే ఉదయం నుంచే దాని బరువు తీసేస్తూ రావాలి. రాత్రి వంటకు కావాల్సినవన్నీ మధ్యాహ్నం నిద్రవేళలోనే తరిగి, కొలిచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రానికి పొయ్యి మీద పెట్టడమే మిగలాలి. 4 గంటలకల్లా పిల్లలకు కడుపు నిండేలా ఏదైనా పెట్టండి. మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఆరేడు గంటల ఖాళీ ఉంటే వచ్చే మారాంని ఎంత బుజ్జగించినా ఆపలేం.

నాలుగున్నరకు వాతావరణం బాగుంటే ఇంటి బయట అరగంట తిప్పండి. ఏడాది దాటిన పిల్లలకు రోజంతా కలిపి కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అందులో కొంత ఇక్కడ గడిస్తే రాత్రి నిద్ర కూడా బాగుపడుతుంది. స్నానాన్ని రాత్రి దాకా ఆపకుండా పేచీ మొదలయ్యే వేళకే జరపడం మంచి ఉపాయం, నీళ్లలో పిల్లలు నెమ్మదిస్తారు. టబ్బులో ముందు చల్లనివి, తర్వాత వేడివి పోసి కలపండి. 37, 38 డిగ్రీలు సరిపోతుంది, అంటే మోచేయి పెడితే వేడీ చలీ ఏదీ అనిపించకూడదు. ఫోను మోగినా, తలుపు కొట్టినా, బిడ్డను టబ్బులో వదిలి లేవకూడదు. తువ్వాల్లో చుట్టి ఎత్తుకునే వెళ్లాలి.

టీవీ, ఫోను సంగతి. అదే సంస్థ సలహా ప్రకారం రెండేళ్ల లోపు అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్లకు రోజుకు గంట మించకూడదు. ఆ గంటను ఉదయం పది నిమిషాలు, మధ్యాహ్నం పావుగంట అంటూ చిందరవందర చేయకండి. పొయ్యి మీద నూనె కాగే అరగంటకు దాచి పెట్టుకుంటే అది నిజంగా పనికొస్తుంది. అప్పుడు పాకే బిడ్డను కంచె కట్టిన ఆట స్థలంలోనో, బెల్టున్న కుర్చీలోనో, మీకు కనబడేలా ఉంచండి. ఒక చంకన బిడ్డ, ఇంకో చేత్తో గరిటె మాత్రం వద్దు.

రోజూ ఒకసారి చూసుకోవాల్సిన ప్రమాదాలు

బకెట్లో బెత్తెడు నీళ్లున్నా పాకే బిడ్డకు ప్రాణాంతకం. ఆ వయసులో తల బరువు ఎక్కువ కాబట్టి తలకిందులుగా పడితే పైకి లేవలేదు, చప్పుడు కూడా కాదు. వాడిన వెంటనే బకెట్ బోర్లించండి, బాత్‌రూమ్ తలుపు మూయండి. రిమోట్లు, తూకం యంత్రాలు, పాడే బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీలు మింగితే 2 గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. మింగిందన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పోసి పావుగంట అయిన టీ కూడా పసి చర్మాన్ని కాల్చగలదు, కప్పును బల్ల అంచున పెట్టకండి. కాలితే చల్లటి పారే నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్ట్, నూనె రాయకూడదు.

రాత్రి పావుగంట, ఇంకొకరికి అప్పగింత

పిల్లలు పడుకున్నాక ఇల్లంతా మెరిసేలా సర్దడం ఆపండి. పావుగంట గడియారం పెట్టుకుని నాలుగే చేయండి: సింకు ఖాళీ చేయడం, నడిచే దారిలో ఉన్న వస్తువులు తీయడం, రేపు పిల్లలు వేసుకునే బట్టలు ఒకచోట పెట్టడం, డైపర్లు, తుడిచే గుడ్డలు నింపడం. గంట మోగితే మిగిలింది రేపటికి.

వారంలో రెండుసార్లైనా కనీసం రెండు గంటలు పిల్లల్ని నాన్నకో, అమ్మమ్మకో, ఇంట్లో ఉన్న ఇంకో పెద్దకో పూర్తిగా అప్పగించండి. ‘కాస్త చూస్తూ ఉండు’ అని పక్కగదిలో ఉంటే అది అప్పగింత కాదు, పిల్లలు పది నిమిషాలకు మీ దగ్గరికే వస్తారు, చూసేవారూ ప్రతిదానికీ మిమ్మల్నే పిలుస్తారు. ఇల్లు దాటి వెళ్లండి. బిడ్డ పుట్టిన తర్వాత ఏడుపు, దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే విశ్రాంతితో సర్దుకుంటుందని ఎదురుచూడకుండా డాక్టరుకు చెప్పాలి. అది వైద్యంతో తగ్గే జబ్బు. తననో బిడ్డనో ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే చెప్పాలి.

అప్పగించేటప్పుడు ఇవి ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి: చివరగా ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు లేచారు, మళ్లీ ఎన్నింటికి పడుకోవాలి, పడుకునేముందు పాడే పాట ఏది, డాక్టరు ఫోను నంబరు. పితికి ఉంచిన పాలు ఉంటే ఏ రోజువో, ఎన్ని గంటలకు పితికారో సీసా మీదే రాయండి. గది వేడి 25 డిగ్రీలు దాటకపోతే బయట 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలవ ఉంటాయి. బిడ్డ తాగగా మిగిలినవి మాత్రం 2 గంటల్లో వాడేయాలి, లేదా పారబోయాలి.